శాంతి తోరణము

పసిఫిక్ తీరమున, అమెరికా కెనడాల సరిహద్దుపై, 1921లో నెలకొల్పిన శాంతి తోరణ మొకటి కలదు. ఈ తలుపు లెన్నడును మూయబడకుండుగాక యను ఆకాంక్ష దానియందు లిఖింపబడియున్నది.

2020 మార్చి 21న, కరోనా మహమ్మారివలన, అత్యవసరము కాని ప్రయాణములకు సరిహద్దు రహదారులు మూతపడెను. సరకుల లారీలకు అడ్డులేదు. అమెరికాలోని బిడ్డను చూడబోవు కెనడా తల్లి కారు మాత్రము వెనుకకు మరలవలసివచ్చెను. వింత యేమన, ఆ తల్లియే విమానమున పోవచ్చును! ఎడబాసిన కుటుంబములు తోరణము చెంతనున్న ఉద్యానమున, పచ్చికపై కలిసికొనెడివి.

2021 ఆగస్టు 9న కెనడా, టీకాలు పొందిన అమెరికావారికి దారి విడిచెను. అమెరికా నవంబరు 8వరకు విడువలేదు.

వ్యాధి నరికట్ట తలుపు మూయుట తప్పు కాకపోవచ్చును. కాని ప్రయాణావసరమును తూచునపుడు, సరకుతోపాటు మమతను గూడ త్రాసులో నుంచవలదా?