కాపీరైట్‌కి ఎక్స్‌పైరీ డేట్ ఎప్పుడు?

కాపీరైట్ పరిమిత కాలమే ఉండాలని అమెరికా రాజ్యాంగంలోనే రాసుంది. మరి ఆ గడువుని పెంచుకుంటూ పోతే? 1998లో అక్కడి కాంగ్రెస్ పాత పుస్తకాలకి కూడా ఇంకో 20 ఏళ్లు కలిపేసింది.

పాత పుస్తకాల్ని నెట్‌లో ఫ్రీగా పెట్టే ఎరిక్ ఎల్డ్రెడ్ కేసు వేశాడు. ఇది వాక్ స్వాతంత్ర్యానికీ అడ్డమే అని వాదించాడు. 2003లో సుప్రీంకోర్టు 7-2 తీర్పుతో కాదంది. ఐడియా మీద కాపీరైట్ ఉండదు, విమర్శకి ఫెయిర్ యూజ్ ఉంది కదా అంది.

కానీ చూడండి, ఫెయిర్ యూజ్‌తో నాలుగు లైన్లు కోట్ చేయొచ్చు, పుస్తకం మొత్తం జనానికి ఇవ్వలేం. 1923లో అచ్చయిన పుస్తకాలు 1999లోనే అందరివీ అయ్యేవి, 2019 దాకా ఆగాయి. మార్కెట్లో దొరకని పుస్తకానికి కూడా తాళం వేస్తే లాభం ఎవరికి? మాట్లాడే హక్కులో చదివే హక్కు కూడా ఉందని నేనంటా. మీరేమంటారు?