మాటిమాటికీ పేషాబ్ – చెప్పుకోలేని బాధ

(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి సభల్లో చదువుల గురించో, స్కాలర్‌షిప్పుల గురించో మాట్లాడటం రివాజు. మేము పేషాబ్ గురించి మాట్లాడతామంటే కార్యదర్శి గారు ముందు నవ్వారు. తరువాత పక్కకు పిలిచి, "డాక్టర్ సాబ్, తప్పకుండా చెప్పండి, మా ఇంట్లోనే ఉందీ బాధ" అన్నారు. ఈ మాట ఆయన అనుమతితోనే చెబుతున్నాము.

మా దగ్గరకు వచ్చే ఒక పెద్దాయన దర్జీ పని చేసేవారు. ఏళ్ళ తరబడి మొదటి సఫ్‌లో నిలబడిన మనిషి. తలుపు దగ్గరగా ఉంటుందని చివరి సఫ్‌కు మారారు. తరువాత జుమాకు కూడా రావడం మానేశారు. ఇంట్లోవాళ్ళు మోకాళ్ళ నొప్పులనుకున్నారు. అసలు సంగతి వేరు. వుజూ చేసుకుని మెట్లెక్కేలోపల ఉన్నట్టుండి తోసుకొచ్చేది, చుక్కలు బట్టల్లోనే పడేవి. రెండేళ్ళు ఎవరికీ చెప్పలేదు. "ముసలితనం గదా, దీనికి డాక్టరెందుకు?" అన్నారు మాతో. చూస్తే షుగరు ఉంది, ప్రోస్టేటు గ్రంథి కొంత పెరిగింది, ఆపైన రోజుకు ఎనిమిది టీలు. మూడింటికీ ఉపాయమున్నది.

ఆడవారి సంగతి మరీ అన్యాయం. పెళ్ళికి వెళ్ళాలంటే పొద్దుటినుంచే నీళ్ళు మానేస్తారు. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడి తిత్తిని ఇంకా రేపుతుంది, మలబద్ధకమూ వస్తుంది. అదీ ఈ బాధను పెంచేదే. "ఎందుకైనా మంచిది" అని గడప దాటే ముందల్లా వెళ్ళడం ఇంకో పొరపాటు. కొంచెం నిండగానే ఖాళీ చేయడం తిత్తికి అలవాటైపోతుంది.

మూత్రాశయం తోలుతిత్తి వంటిది. పెద్దవారిలో సుమారు 300 నుంచి 500 మిల్లీలీటర్లు పడుతుంది. నిండుతుంటే మెదడుకు కబురు పంపుతుంది, మెదడు ఆగమంటే ఆగుతుంది. కొందరిలో నిండకముందే ఆ కండరం తనంతట తాను ముడుచుకుంటుంది. అదే ఆ తొందర. పగలు ఏడెనిమిది సార్లు, రాత్రి ఒకసారి లేవడం మామూలే.

కాబట్టి మొదట మూత్ర పరీక్ష, షుగరు పరీక్ష చేయించుకోండి. మంట ఉంటే ఇన్ఫెక్షన్ కావచ్చు. బి.పి.కి వాడే కొన్ని మాత్రలూ మూత్రాన్ని ఎక్కువ చేస్తాయి. వాటిని మీ అంతట మీరు మానకండి, వేసుకునే వేళ మార్చవచ్చేమో అడగండి. మూడు రోజులు ఒక కాగితం మీద ఏమి తాగారో, ఎన్నిసార్లు, ఏ వేళ వెళ్ళారో వ్రాసి తెండి. మాకు ఆ కాగితం సగం వైద్యం.

వేరే జబ్బేదీ లేదని, మూత్రం లోపల నిలవ ఉండటం లేదని తేలితే తిత్తికి తాలీము ఇవ్వాలి. గంటకోసారి వెళ్ళేవారు గంటా పది నిమిషాలు చేయండి. అది కుదిరాక ఇంకో పది. రెండున్నర, మూడు గంటలకు చేరాలంటే ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. తొందర వచ్చినప్పుడు పరుగెత్తకండి, పరుగెడితేనే జారేది. ఉన్నచోటే నిలబడి లేదా కూర్చుని, గాలి పోకుండా బిగబట్టినట్లు కింది కండరాలను ఐదారుసార్లు గబగబా బిగించి వదలండి. అల తగ్గాక మెల్లగా నడవండి. ఆ కండరాలనే ఐదు సెకండ్లు బిగించి వదలడం పదిసార్లు, రోజుకు మూడు పూటలు, మూడు నెలలు చేయాలి. ఇది కాన్పులైన తల్లులకు మరీ మేలు. మూత్రం మధ్యలో ఆపి సాధన చేయవద్దు. నమాజు వేళ కూడా ఈ తాలీము వద్దు. ఆ ఒత్తిడితో నమాజులో నిలబడవద్దన్నది మన ధర్మమే గదా, ముందు వెళ్ళి రండి.

రంజాన్‌లో ఇఫ్తార్ కాగానే చెంబులకొద్దీ షర్బతు, ఆపైన చాయ్ తాగి తరావీహ్‌లో అవస్థ పడతారు. ఆ నీళ్ళనే సహరీ దాకా కొంచెం కొంచెంగా తాగండి. మామూలు రోజుల్లో రాత్రి పడుకునే ముందు రెండు గంటలు తగ్గిస్తే చాలు.

సాధనతో తగ్గకపోతే మాత్రలున్నాయి. కొన్ని నోరు ఎండగడతాయి, మలబద్ధకం చేస్తాయి, వృద్ధుల్లో మతిమరుపు పెంచవచ్చు. మిరాబెగ్రాన్ వంటి దానికి బి.పి. చూస్తూ ఉండాలి. మందుల షాపులో అడిగి కొనేవి కావివి. మూత్రంలో నెత్తురు, చలిజ్వరం, బొత్తిగా రాకపోవడం, నడుమునొప్పితో కాళ్ళు తిమ్మిరెక్కడం – వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి.

ఎడతెగకుండా చుక్కలు పడే జబ్బు ఉన్నవారు నమాజు పోయిందని కుమిలిపోతుంటారు. అటువంటి మాజూర్‌కు మన హనఫీ ఫిఖ్‌లో ప్రతి నమాజు వేళకు ఒక వుజూ చాలునని సౌకర్యం కలదు. తమకది వర్తిస్తుందో లేదో ఇమాం గారిని అడిగి తెలుసుకోండి. ఆయన దగ్గర సిగ్గేమిటి?

దర్జీ గారు టీలు రెండుకు తగ్గించారు, మందు వాడుతున్నారు, ఇప్పుడు మూడో సఫ్ దాకా వచ్చారు. ఇక మస్జిదు కమిటీ వారికి ఒక మనవి. వుజూఖానా పక్కన మరుగుదొడ్డికి తాళం వేసి, చెవి మొఅజ్జిన్ గారి గదిలో పెడుతున్నారు. ఆ చెవిని నమాజుకు వచ్చేవారి చేతికందే చోట, మేకుకు తగిలించండి.