ట్రాక్టరు నడచును, పనిముట్టు తిరుగదు
(రైతుల కార్యక్రమమున చేసిన ప్రసంగము)

కిందటి వేసవిలో ధ్వనిముద్రణ నిమిత్తము మేము నల్లగొండ ప్రాంతమున ఒక బత్తాయి తోటకు వెళ్ళితిమి. తోట యజమాని యువకుడు. చెట్ల వరుసల నడుమ పెద్ద ట్రాక్టరు మెసలదు గనుక, అప్పుచేసి 22 అశ్వశక్తుల చిన్న ట్రాక్టరును, దానికి తగిన రొటావేటరును కొన్నాడు. మేము వెళ్ళునప్పటికి ఆ బండి చింతచెట్టు నీడను నిలిచియున్నది. ఇంజను చక్కగా పలుకుచున్నది, చక్రములు కదలుచున్నవి. రొటావేటరు కత్తులు మాత్రము తిరుగవు. ఎవరో మెకానిక్కు వచ్చి చూచి, గేరు పెట్టె విప్పవలెను, ట్రాక్టరును నడిమికి విడదీయవలెను అని చెప్పి పోయినాడట. ఆ మాట విన్నది మొదలు ఆ యింట ఎవరికిని అన్నము సహించుట లేదు.

ఆ యువకుని తండ్రి యంత్రములు ఎరిగినవాడు కాడు. అయినను ఆయన అన్న మాట మాకు నచ్చినది: "గప్పుడే లోపలికి పోతవేందిరా, ముందుగాల బయట సూడు."

బయట చూచితిమి. ఇంజను ఆర్పి, తాళపు చెవి జేబులో వేసుకొని, ట్రాక్టరునకును రొటావేటరునకును నడుమ నుండు షాఫ్టును చేతితో త్రిప్పితిమి. షాఫ్టు తిరిగినది, దాని కొనయందలి యోక్ తిరిగినది, ఆ యోక్ పట్టియుండవలసిన రొటావేటరు ఇరుసు మాత్రము కదలలేదు. రెంటిని కలుపు షియర్ బోల్టు తెగిపోయియున్నది. రాయి తగిలినప్పుడు తాను తెగి, లోపలి గేర్లను కాపాడుటయే ఆ బోల్టు పని. దానిని మార్చుటకు పావుగంట పట్టినది. బోల్టు తెగినదని విసిగి, దాని స్థానమున గట్టి ఉక్కు బోల్టు బిగించువారు కలరు. అట్టివారికి తరువాతి రాయి గేరు పెట్టె ఖరీదు చెప్పును.

ట్రాక్టరు వెనుక నుండి శక్తిని పనిముట్టునకు అందించు ఈ ఏర్పాటునే పి.టి.ఓ. అందురు. దాని ఇరుసు సుమారు 35 మిల్లీమీటర్ల లావు, చుట్టును 6 గాళ్ళు. నిమిషమునకు 540 చుట్లు తిరుగవలెను. అనగా "ఒకటి" అని పలుకునంతలో 9 చుట్లు. ఏడు సెంటీమీటర్ల లావు గల షాఫ్టుకు కండువా కొన చిక్కినచో, ఆ ఒక్క క్షణమునందే సుమారు రెండు మీటర్ల గుడ్డను చుట్టుకొనును. విడిపించుకొనుటకు మనిషికి వ్యవధి యుండదు. షాఫ్టుపై ప్లాస్టిక్ తొడుగు ఉండునది ఇందుకే. గ్రీజు పెట్టుటకు అడ్డమని దానిని పీకి పారవేయుట మేము పెక్కు గ్రామములలో చూచితిమి.

లోపము ఎచ్చట నున్నదో తేల్చుటకు మొదటి పరీక్ష చాల సులభము. ఇంజను ఆర్పి షాఫ్టును ఊడదీసి ప్రక్కన పెట్టవలెను. తరువాత సీటుపై కూర్చుండి, వెనుక ఎవరును లేకుండ చూచుకొని పి.టి.ఓ. వేయవలెను. వట్టి ఇరుసు తిరిగినచో, ముందుగా అనుమానింపవలసినవి షాఫ్టు, పనిముట్టు. అదియు తిరుగనప్పుడే ట్రాక్టరు సంగతి.

ఇక, తిరుగుచునే బరువు పడగానే నీరసించు జబ్బు ఒకటి కలదు. ఇచ్చట చెవియే వైద్యుడు. చెవి మీద బ్రతుకు మావంటివారికి ఈ పరీక్ష మిక్కిలి ఇష్టము. రొటావేటరు నేలలోనికి దిగినప్పుడు ఇంజను గొంతు బరువెక్కి, దానితో పాటే కత్తులును మందగించినచో క్లచ్ పట్టుచున్నదనియే అర్థము. తప్పు లోతుది, వేగముది, లేదా బండి తాహతుకు మించిన పనిముట్టుది. ఇంజను గొంతు మారక కత్తులు మాత్రమే మందగించినచో ఏదో జారుచున్నది. జారుడుతో పని సాగించినకొలది క్లచ్ పలక కాలును. ఆ కమురు వాసన వచ్చువరకు ఆగరాదు.

రెండు దశల క్లచ్ గల బండ్లలో పెడలును సగము తొక్కిన ట్రాక్టరు ఆగును, పూర్తిగా తొక్కిన పి.టి.ఓ. కూడ ఆగును. పెడలునకు ఉండవలసిన వదులు తగ్గినచో క్లచ్ జారును. ఎక్కువైనచో పూర్తిగా విడువక, పి.టి.ఓ. వేయునప్పుడు గేర్లు గరగరలాడును. ఎంత వదులు ఉండవలెనో బండితో వచ్చిన పుస్తకమున ఉండును. నూనె ఒత్తిడితో పనిచేయు క్లచ్ అయినచో చమురు మట్టము, ఫిల్టరు చూడవలెను. పి.టి.ఓ.తో పాటు వెనుక లిఫ్టు కూడ నెమ్మదించినచో అనుమానము చమురు మీదికే పోవలెను. చమురు పాలవలె తెల్లబడినచో అందు నీరు చేరినది.

కొందరు "ఇంజనే స్టార్టు కావడము లేదు" అని కంగారు పడుదురు, చూడగా పి.టి.ఓ. లీవరు వేసియే యుండును. అట్లే, మనిషి సీటు నుండి లేచినచో ఇంజనును ఆర్పు స్విచ్చి కొన్ని చిన్న ట్రాక్టర్లకు కలదు. ఆ స్విచ్చి తీగ వదులైనను బండి ఊరక ఆగుచుండును. తీగను సరిచేయుట వేరు, స్విచ్చినే తప్పించి తీగలు ముడివేయుట వేరు. రెండవది చేయు మెకానిక్కును మేము మంచి మెకానిక్కు అనము.

మలుపులో షాఫ్టు టకటకలాడినచో రొటావేటరును మరీ ఎత్తుచున్నారేమో చూడుడు. కొత్త పనిముట్టునకు పాత షాఫ్టు తగిలించినప్పుడు పొడవు సరిచూడవలెను. మరీ పొడవైనచో ఎత్తినప్పుడు లోపలి గొట్టము చివర కొట్టుకొని ట్రాక్టరు బేరింగును పొడుచును. పొట్టిదైనచో నడుమ ఊడి కర్రవలె విసరును.

గడ్డి కోయు బరువైన పనిముట్టు తగిలించిన ఒంటి క్లచ్ బండితో మరొక చిక్కు కలదు. క్లచ్ తొక్కినను తిరుగుచున్న కత్తుల ఊపు షాఫ్టు ద్వారా వెనుకకు వచ్చి బండినే ముందుకు త్రోయును. కంచె దగ్గర, గట్టు దగ్గర ఇది తెలియనివానికి గుండె ఆగినంత పని యగును. ఒకవైపునకే శక్తిని పోనిచ్చు కప్లింగు ఒకటి ఇరుసుకు తొడిగినచో ఈ చిక్కు తీరును.

మేము ఆనాడు వెళ్ళినది బత్తాయి పూత రాలుటను గూర్చి ఆ పెద్దాయనను మాట్లాడించుటకు. తిరిగివచ్చి వినగా ధ్వనిముద్రణ నిండ రొటావేటరు చప్పుడే యున్నది. పూత సంగతి వచ్చు మాసమున వినిపింతుము.