జావా కోర్సుకు ఫీజు కట్టే ముందు
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన నల్లకుంట, అశోక్‌నగర్, చిక్కడపల్లి ప్రాంతాల్లో గదులు తీసుకుని చదువుకునే పిల్లల్లో ఎక్కువమంది గ్రూప్స్ పరీక్షలకు సిద్ధమయ్యేవారే. సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర ఏ రోజు చూసినా వాళ్లే కనిపిస్తారు. వారి మధ్యనే మరికొందరున్నారు. డిగ్రీయో, బీటెక్కో పూర్తిచేసి, ఇక్కడ ఉంటూ అమీర్‌పేటకు వెళ్లి సాఫ్ట్‌వేర్ కోర్సు చేస్తుంటారు. వీరిలో చాలామంది నేర్చుకునేది జావా. అలాంటి కొందరికి మన సొసైటీ ఫీజు సాయం చేస్తోంది. అది దాతలు మనకు అప్పగించిన అమానత్. ఆ డబ్బుతో పిల్లలు నేర్చుకునేదీ, కంపెనీల్లో జరిగే పనీ ఒకటేనా అని పెద్దలు అడిగారు. జావాతోనే పనిచేసే ఉద్యోగులం కాబట్టి మాకు తెలిసింది మీ ముందుంచుతాము.

ముందుగా తల్లిదండ్రులు అడిగే ప్రశ్న: జావా పాతబడిపోయింది కదా, ఇంకా ఎందుకు? నిజమే, సన్ మైక్రోసిస్టమ్స్ దానిని విడుదల చేసింది 1995లో. 2010లో ఆ సంస్థను ఒరాకిల్ కొన్నది. అయినా బ్యాంకులు, బీమా, టెలికాం వంటి రంగాల్లో ఏళ్ల తరబడి రాసిన జావా ప్రోగ్రాములు ఈరోజుకీ నడుస్తున్నాయి. వాటిని చూసుకునే మనుషులు కావాలి. కాబట్టి జావా నేర్చుకోవడంలో తప్పు లేదు. ఏ జావా నేర్చుకుంటున్నాము అన్నదే అసలు సంగతి.

ఇదివరకు కొత్త జావా రావాలంటే ఏళ్లు పట్టేది. జావా 8 2014 మార్చిలో వస్తే, జావా 9 2017 సెప్టెంబరుకు గానీ రాలేదు. 2018 నుంచి పద్ధతి మారింది. ప్రతి ఆరు నెలలకు, మార్చిలో ఒకటి, సెప్టెంబరులో ఒకటి, కొత్త వెర్షన్ వస్తోంది. అయితే కంపెనీలు అన్నింటినీ వాడవు. ఎక్కువ కాలం మరమ్మతులు అందే వెర్షన్ల మీదే ఆధారపడతాయి. అవి 8, 11, 17, 21, 25. చివరి మూడు వరుసగా 2021, 2023, 2025 సెప్టెంబరుల్లో వచ్చాయి. పాత ప్రాజెక్టుల్లో 8 ఇంకా ఉంది. కొత్తగా మొదలయ్యే పనికి మాత్రం 17 గానీ, ఆ పైది గానీ తీసుకుంటున్నారు.

మరి పాఠాల సంగతి? ఆప్లెట్ల గురించి ఇంకా నోట్సు రాయించే చోట్లు ఉన్నాయి. వాటిని ఇక వాడవద్దని జావా 9తోనే, అంటే 2017లోనే ప్రకటించారు. మరోపక్క 2021లో భాషలో స్థిరపడిన రికార్డులు చాలామంది పిల్లలకు తెలియవు. ఒక వస్తువు పేరు, ధర దాచుకోవడానికి ముప్పై నలభై లైన్లు రాసే చోట రికార్డుతో ఒక్క లైను చాలు. జావా 25లో అయితే మొదటి ప్రోగ్రామునే మూడు లైన్లలో రాయవచ్చు. ‘పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ మెయిన్’ అని అర్థం తెలియకుండా బట్టీ పట్టనక్కరలేదు.

ఇంకో పెద్ద మార్పు జావా 21లో వచ్చిన వర్చువల్ థ్రెడ్లు. ఇరానీ హోటల్‌ను ఊహించుకోండి. ఒక్కో గిరాకీకి ఒక్కో సర్వరును కేటాయించి, చాయ్ తయారయ్యేదాకా అతన్ని కౌంటరు దగ్గరే నిలబెడితే, పదిమంది సర్వర్లున్న హోటల్లో పదకొండోవాడు బయటే ఉండాలి. చాయ్ చెప్పి, అది వచ్చేలోగా ఇంకో టేబులు చూసుకుంటే అదే పదిమంది హాలంతా నడిపేస్తారు. డేటాబేసు నుంచి జవాబు కోసం ఎదురుచూసే ప్రోగ్రాములకు వర్చువల్ థ్రెడ్లు చేసే మేలు ఇదే. ఉన్న కంప్యూటరుతోనే ఎక్కువమందికి సేవ అందుతుంది.

ఉద్యోగ ప్రకటనల్లో ఎక్కువగా కనిపించే మాట స్ప్రింగ్ బూట్. 2022 నవంబరులో వచ్చిన స్ప్రింగ్ బూట్ 3కు కనీసం జావా 17 ఉండాలి. పైగా ‘జావాఎక్స్’తో మొదలయ్యే అనేక ప్యాకేజీల పేర్లు ‘జకార్తా’గా మారాయి. పాత నోట్సు చూసి టైపు చేసిన ప్రోగ్రాము కొత్త వెర్షన్‌లో కంపైల్ కాకపోవడానికి తరచూ ఇదే కారణం. పిల్లలు తమకే తెలివి లేదనుకుని కుంగిపోతారు. పాతబడింది వాళ్ల తెలివి కాదు, నోట్సు.

ఇక భద్రత. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అనే లైబ్రరీలో పెద్ద లోపం బయటపడింది. ప్రోగ్రాములో జరిగేది నమోదు చేసుకోవడానికి వాడే ఉచిత లైబ్రరీ అది. ఆ లోపం ద్వారా బయటివారు సర్వరులో తమకు కావలసింది నడిపించగలిగే ప్రమాదం వచ్చింది. అది తమ ప్రోగ్రాముల్లో ఎక్కడెక్కడ ఉందో వెతకడానికే ప్రపంచమంతా ఎన్నో కంపెనీలు తంటాలు పడ్డాయి. అప్పటి నుంచి మనం రాసిన కోడుతో పాటు, తెచ్చి కలుపుకున్న లైబ్రరీల లెక్క కూడా చూసుకోవడం పనిలో భాగమైంది. మేవెన్ ఫైలు చదవడం, వెర్షన్లు సరిచూడడం వచ్చిన కుర్రవాడికి, అమ్మాయికి ఇంటర్వ్యూలో విలువ ఉంటుంది.

‘ఇప్పుడు ఏఐ కోడు రాస్తోంది కదా, మా పిల్లలకు పని ఉంటుందా?’ అని ఒక తల్లి అడిగారు. తేలిక జవాబు చెప్పి పంపించడం మాకు ఇష్టం లేదు. కొత్తగా చేరినవారికి ఇదివరకు ఇచ్చిన చిన్న చిన్న పనుల్లో కొన్ని ఇప్పుడు ఏఐతో అయిపోతున్నాయి. కానీ అది రాసినది సరైనదో కాదో చెప్పవలసింది మనిషే. తప్పు జరిగితే జవాబు చెప్పేదీ మనిషే. అందుకే రాయడం ఎంత ముఖ్యమో, ఇతరుల కోడు చదివి తప్పు పట్టుకోవడం, టెస్టులు రాయడం అంత ముఖ్యమయ్యాయి. బట్టీ చదువుకు ఇదివరకున్న కాస్త విలువ కూడా పోయింది. అర్థం చేసుకున్న చదువుకు విలువ పెరిగింది.

కాబట్టి ఫీజు కట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఏ జావా వెర్షన్ మీద చెబుతారు? స్ప్రింగ్ బూట్ ఏ వెర్షన్? కోర్సు అయ్యేసరికి నా చేత్తో నేను రాసిన ప్రాజెక్టు ఒకటి గిట్‌లో ఉంటుందా? సూటిగా జవాబు రాకపోతే, ఆ రోజుకు డబ్బు జేబులోనే ఉంచుకోండి.

ఇంకో సంగతి, జావా నేర్చుకోవడానికి సాఫ్ట్‌వేర్ కొననక్కరలేదు. ఒరాకిల్ చందా నియమాలు పెద్ద కంపెనీల సమస్య. ఓపెన్‌జేడీకే ఉచితం. దాని నుంచే తయారైన టెమురిన్, కొరెట్టో కూడా ఉచితమే. రాసుకోవడానికి ఎక్లిప్స్, వీఎస్ కోడ్ ఉచితం. పిల్లలకు నిజంగా కొరవడేవి లాప్‌టాప్, కరెంటు పోని గది, తప్పు ఎక్కడుందో చూపించే మనిషి.

అందువల్ల సొసైటీ పెద్దలకు మా విన్నపం. ఫీజు మొత్తం ఒకేసారి కట్టకుండా, విద్యార్థి చేసిన పని చూసి విడతలుగా ఇవ్వండి. కొంత సొమ్ము పక్కన పెట్టి, వాడిన లాప్‌టాప్‌లు కొని, చదువుకునేవారికి అప్పుగా ఇచ్చి, ఉద్యోగం వచ్చాక తిరిగి తీసుకోండి. ఆదివారాలు రెండు గంటలు కూర్చుని పిల్లల కోడు చూడడానికి మేము సిద్ధం. ఉద్యోగాల్లో ఉన్న మిగతా సోదర సోదరీమణులు కూడా పేర్లు ఇవ్వాలని కోరుతున్నాము.

విద్యార్థులారా, ఆరు నెలలకొకసారి మారే భాషను ఒక్క కోర్సుతో నేర్చేసుకోలేరు. పునాది గట్టిగా వేసుకుని, కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఒక గంట కూర్చుని ఏం మారిందో చదివే అలవాటు చేసుకోండి. ఆ అలవాటుకు ఫీజు లేదు.