తల తిరుగుడు, చెవిలో హోరు

“తల తిరుగుతున్నది” అన్న మాటను మన ఇండ్లలో ఎన్ని అర్థాలలో వాడుతామో లెక్కలేదు. ఎండలో నడచి వచ్చినవారికి తల తిరుగుతుంది. ఏకాదశి ఉపవాసం ఉన్నవారికి తిరుగుతుంది. నెలాఖరున ఇంటి లెక్క చూచుకొన్నవారికీ తిరుగుతుంది. ఇదే మాట వైద్యుని యెదుట చెప్పి ఊరకుంటే ఆయనకు తెలిసేది చాలా తక్కువ. కనుక ముందుగా ఈ మాటను విడదీసి చూద్దాము. కూర్చున్నవారు లేచినపుడు క్షణకాలం కన్నులు చీకట్లు క్రమ్మడం ఒకటి. నీరసం చేత తూలడం మరొకటి. ఇవి రెండూ కాక, తాను కదలకుండ ఉన్నా గోడలు, పైకప్పు, పడుకొన్న మంచం సమస్తమూ గిర్రున తిరుగుతున్నట్లు తోచడం వేరొకటి. ఈ మూడవదానిని గురించి, అందులోను మాటిమాటికి తిరిగి వస్తూ వెంట చెవిలో హోరును తెచ్చే రకాన్ని గురించి మేము ఈ ప్రసంగంలో చెప్పదలచినాము.

చెవి వినడానికే ఉన్నదని మనం అనుకొంటాము. అది సగమే నిజం. చిన్ననాట ఒప్పులకుప్ప ఆడినవారు జ్ఞాపకం చేసికోండి. ఇద్దరు చేతులు పట్టుకొని గిరగిర తిరిగి చటుక్కున ఆగితే, కాళ్లు నిలుస్తవి గాని లోకం నిలువదు. లోపలి చెవిలో, వినికిడికి పనికివచ్చే నత్తగుల్ల వంటి భాగం ప్రక్కనే, మూడు సన్నని వంపు గొట్టాలున్నవి. మన పాఠ్యపుస్తకాలలో వీటిని అర్ధవర్తుల కుల్యలు అంటారు. వాటి నిండ ద్రవం ఉంటుంది. తల తిరిగినపుడు ఈ ద్రవం కొంచెం వెనుకబడి, దాని త్రోపుడుకు లోపలి సూక్ష్మకేశాలు వంగి, “తిరుగుతున్నాము” అని మెదడుకు వార్త పంపుతవి. మనం ఆగిన తరువాత కూడ ద్రవం కొంతసేపు కదులుతూనే ఉంటుంది గనుక ఆ వార్త పోతూనే ఉంటుంది. కన్నులు ఆగామంటవి, అరికాళ్లు ఆగామంటవి, చెవి మాత్రం లేదంటుంది. ఈ తగవులో పుట్టినదే తల తిరుగుడు. వెంట వచ్చే వాంతి కూడ ఆ తగవు ఫలితమే, కడుపు దోషం కాదు. ఆటలో ఇది నవ్వుగా ముగుస్తుంది. ఏ ఆటా లేకుండ, పడుకొని ఉండగానే, ఒక చెవి అబద్ధపు వార్త పంపనారంభిస్తే అది వ్యాధి.

ఈ సంగతిని మొదట స్పష్టంగా నిరూపించబూనినవాడు ప్రాస్పర్ మెనియేర్ అనే ఫ్రెంచి వైద్యుడు. పారిస్ నగరంలోని బధిరుల విద్యాలయంలో ఆయన వైద్యాధికారి. అంతవరకు, తల తిరిగి పడిపోయి వాంతి చేసికొన్నవారికి మెదడులో రక్తం పొంగినదని తలచి వైద్యులు రక్తం తీసేవారు, జలగలు పట్టించేవారు. 1861లో మెనియేర్ అక్కడి వైద్య పరిషత్తుకు ఒక నివేదిక సమర్పించి, చెవిలో హోరు, చెవుడు, తల తిరుగుడు కలసి వచ్చే రోగులకు దోషం మెదడులో లేదని, లోపలి చెవిలో ఉన్నదని వాదించినాడు. అంతకు ముప్పది ఏండ్ల పైచిలుకు క్రితమే ఫ్లూరాన్స్ అనే శాస్త్రజ్ఞుడు పావురాల చెవులలోని ఈ కుల్యలను కోసి, అవి గిరగిర తిరగడం చూచి ఉన్నాడు. మెనియేర్ మరుసటి యేడే మరణించినాడు. వ్యాధికి ఆయన పేరు నిలిచినది. 1938లో ఇంగ్లండులో ఇద్దరు, జపానులో ఒకరు వేరువేరుగా, చనిపోయిన రోగుల చెవులను సూక్ష్మదర్శినితో పరీక్షించి, లోపలి ద్రవం అధికమై దాని గదులు ఉబ్బి ఉండడం కనుగొన్నారు.

గలివర్ యాత్రలు వ్రాసిన స్విఫ్ట్ మహాశయుడు యౌవనం నుండి తల తిరుగుడుతోను చెవుడుతోను బాధపడినాడు. ఒకనాడు ఆపిలు పండ్లు అమితంగా తిన్నందున ఇది తనకు సంక్రమించినదని ఆయన నమ్మకం. తరువాతి కాలపు వైద్యులు ఆయన వ్రాతలను పరిశీలించి ఇది మెనియేర్ వ్యాధియే అయి ఉంటుందన్నారు. ఆపిలు పండు మాట విని మనం నవ్వనక్కరలేదు. మన ఇండ్లలో ఆ స్థానం పైత్యానిది. పైత్యం చేసినదని నిమ్మరసం ఇస్తాము, జీలకర్ర కషాయం ఇస్తాము. అవి హాని చేయవు. కాని ఈ వ్యాధి తెరలు తెరలుగా వచ్చి తనంతట తాను తగ్గే స్వభావం కలది గనుక, తగ్గిన కీర్తి జీలకర్రకు పోయి, వైద్యునికి చూపడం ఏండ్ల తరబడి వాయిదా పడుతుంది.

తెర వచ్చే తీరు ఇది. చాలామందికి ముందుగా ఒక చెవి నిండినట్లు, లోపల దూది క్రుక్కినట్లు ఉంటుంది. హోరు హెచ్చుతుంది. మంద్రస్వరాలు వినిపించడం తగ్గుతుంది. ఆ తరువాత లోకం తిరగడం మొదలై, ఇరువది నిమిషాలు మొదలు కొన్ని గంటలవరకు, ఒక్కొక్కప్పుడు పండ్రెండు గంటలవరకు ఉంటుంది. అది తగ్గిన పిమ్మట రెండు మూడు దినాలు తూలుడు. ఆపైన రోగి మామూలు మనిషి. చూచేవారికి ఇక్కడనే అనుమానం. జ్వరం లేదు, గాయం లేదు, నిన్న లేవలేనన్నవాడు నేడు నవ్వుతూ తిరుగుతున్నాడు. మా సహోద్యోగి ఒకరు, జన్మలో కల్లు సారాయి రుచి ఎరుగనివాడు, ఒక సాయంకాలం బస్సు దిగి తెర రాగా దీపస్తంభం పట్టుకొని కూలబడినాడు. త్రాగినాడని తీర్పు చెప్పి దారిన పోయేవారు ప్రక్కగా తప్పుకొన్నారు. తిరుగుడు రెండు గంటలలో తగ్గినది గాని, ఆ తీర్పు తగ్గడానికి చాలకాలం పట్టినదని ఆయన మాతో అన్నాడు. ఈ వ్యాధిలో సగం బాధ నమ్మేవారు లేకపోవడమే.

ఇక హోరు సంగతి. సుశ్రుతుడు ఇరువదెనిమిది చెవి వ్యాధులు లెక్కించి, వాటిలో కర్ణనాదాన్ని చేర్చి, భేరి, మృదంగం, శంఖం వంటి ధ్వనులు రోగికి వినవచ్చునని చెప్పినాడు. వ్యాధి అంత పాతది. దాని తీరు తెలియడానికి మీ ఇంటి రేడియోనే చూడండి. దూరపు కేంద్రం నుండి వచ్చే సంకేతం బలహీనమైనపుడు మీట త్రిప్పి స్వరం పెంచుతారు. పాటతోపాటు గరగర కూడ పెరుగుతుంది. చెవి నుండి వార్త తగ్గినపుడు మెదడు కూడ తన మీటను ఇట్లాగే పెంచుకొంటుందని, ఆ గరగరయే మనకు హోరుగా తోచునని నేటి శాస్త్రజ్ఞులలో చాలమంది అభిప్రాయం. కాబట్టి హోరు ఉన్నవారికి పూర్తి నిశ్శబ్దం మేలు చేయదు. రాత్రివేళ అన్నీ కట్టివేసి పడుకొంటే హోరొక్కటే మిగిలి, చెవిలో జోరీగ అన్న మాటకు అర్థం తెలిసివస్తుంది. గదిలో పంకా శబ్దమో, సన్నగా పెట్టిన సంగీతమో ఉండాలి. హోరును ముంచివేసేటంత కాదు, దాని ప్రక్కన నిలిచేటంత. రేడియో ఉద్యోగులం గనుక స్వప్రయోజనం కొరకు ఈ సలహా ఇస్తున్నామని అనుకోవద్దు. చెవి వైద్యులూ ఇదే చెప్పుతారు. వినికిడి తగ్గినవారికి శ్రవణయంత్రం పెడితే మాటలతోపాటు హోరు విషయంలోను కొంత ఉపశమనం కలుగుతుంది. హోరు ఉన్నదా పోయినదా అని గంటకొకసారి చెవి యొగ్గి చూచుకొనే అలవాటు మాత్రం మానుకోవాలి. రైలు పట్టాల ప్రక్కన కాపురమున్నవారు బండి కూతకు మేలుకోరు. రైళ్లు ఆగినందున కాదు; వారి మెదడు ఆ ధ్వనిని లక్ష్యపెట్టడం మానినది.

చికిత్స విషయంలో శ్రోతలకు ఉన్నదున్నట్లు చెప్పడం మంచిది. ఈ వ్యాధిని సమూలంగా పోగొట్టే మందు లేదు. బీటాహిస్టిన్ అనే మాత్రలు మన దేశంలో విరివిగా ఇస్తున్నారు. 2016లో వెలువడిన ఒక జర్మన్ పరిశోధనలో 221 మంది రోగులకు, కొందరికి ఈ మందు, కొందరికి మందు లేని ఉత్తుత్తి మాత్రలు తొమ్మిది నెలలు ఇచ్చి చూడగా, అందరికీ తెరలు ఒకే విధంగా తగ్గినవి. జీలకర్ర కషాయం కథ ఇక్కడ కూడ కొంత ఉన్నదన్నమాట. అయినంతమాత్రాన వైద్యుడు వ్రాసిన మందును మీయంతట మీరు మానివేయవద్దు, ఆయననే అడగండి. ఉప్పు తగ్గించమని వైద్యులు చాలకాలంగా చెప్పుతున్నారు. దానికి గట్టి రుజువులు తక్కువే అయినా రక్తపు పోటుకు మేలు గనుక పాటించదగినదే. కాని మనవారి పథ్యం చిత్రమైనది. కూరలో ఉప్పు తగ్గించి, చప్పగా ఉన్నదని ఆవకాయ రెండు ముక్కలు ఎక్కువ వేసికొంటారు. అప్పడాలు, వడియాలు, చల్లమిరపకాయలు లెక్కలోకి రావనుకొంటారు.

తిరుగుడును, వాంతిని అణచే ప్రోక్లోర్‌పెరజిన్, సిన్నరిజిన్ వంటి మాత్రలు తెర వచ్చిన రెండు మూడు దినాలకు మంచివి. నెలల తరబడి మ్రింగితే, తప్పుడు వార్తను సరిదిద్దుకోవడం నేర్చే మెదడును అవి నిద్రపుచ్చుతవి. వృద్ధులకు చేతుల వణుకు కూడ రావచ్చును. మందులకు లొంగని కొద్దిమందికి చెవిలో జెంటామైసిన్ సూదిమందు ఇస్తారు. ఈ జాతి మందులకు సమతౌల్యాన్ని చెరచే గుణం ఉన్నట్లు 1940వ దశకంలో క్షయరోగులకు స్ట్రెప్టోమైసిన్ ఇచ్చిన నాడే తెలిసినది. నాటి దోషాన్నే నేడు చికిత్సగా మార్చుకొన్నారు. వినికిడికి ప్రమాదం ఉన్నందున అది ఆలోచించి చేయించుకోవలసిన పని.

మరొక విషయం తప్పక చెప్పాలి. పడకపై ప్రక్కకు ఒత్తిగిలినపుడో, అటక మీది డబ్బా కొరకు తల పైకెత్తినపుడో మాత్రమే లోకం తిరిగి, నిమిషం లోపల ఆగిపోతే, వినికిడి బాగుగా ఉంటే, అది మెనియేర్ వ్యాధి కాదు. లోపలి చెవిలో ఉండవలసిన సున్నపు రేణువులు చోటు తప్పి కుల్యలో పడినందున వచ్చేది. ఎప్లీ అనే అమెరికా వైద్యుడు కనిపెట్టిన పద్ధతిలో, తెలిసిన వైద్యుడు రోగిని పడుకోబెట్టి తలను వరుసగా కొన్ని దిశలకు త్రిప్పి ఆ రేణువులను బయటికి జార్చుతాడు. కొన్ని నిమిషాల పని. ఇది తెలియక సంవత్సరాల కొలది మాత్రలు తింటున్నవారు ఉన్నారు. హైదరాబాదులో కోఠీలోను, విశాఖపట్టణంలోను ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రులున్నవి. తిరుగుడుతోపాటు మాట తడబడినా, మూతి వంకర పోయినా, ఒక వస్తువు రెండుగా కనిపించినా, కాలుసేతులు చచ్చుబడినా అది చెవి వ్యవహారం కాదు. పక్షవాతం కావచ్చును, క్షణం ఆలస్యం చేయరాదు. ఒక చెవి హఠాత్తుగా వినిపించకపోయినా ఒకటి రెండు రోజులలోనే వైద్యుని చూడాలి.

తెరకూ తెరకూ నడుమ రోగిని పట్టుకొనేది భయం. పెండ్లికి పోతే అక్కడ వస్తుందేమో, బండి ఎక్కితే వస్తుందేమో అని క్రమంగా ఇంటికే పరిమితమవుతారు. అలెన్ షెపర్డ్ అనే అమెరికా వ్యోమగామి 1961లో అంతరిక్షానికి వెళ్లివచ్చి, ఆ తరువాత ఈ వ్యాధి చేత ఏండ్ల తరబడి నేలకే పరిమితమైనాడు. 1968లో చెవికి శస్త్రచికిత్స జరిగినది. 1971లో నలుబదియేడవ యేట చంద్రునిపై నడచినాడు. ఆ శస్త్రచికిత్స అందరికీ ఫలించదు గాని, ఈ వ్యాధితో జీవితం ముగిసినదనుకొనేవారికి ఆయన కథ చెప్పవచ్చును. మనకు చంద్రుని వరకు అక్కరలేదు, వీధి చివరి వరకు చాలును. తెర లేని దినాలలో కూర్చుండి కన్నులను, ఆపైన తలను మెల్లగా అటు ఇటు త్రిప్పడం, బంతిని ఒక చేతి నుండి మరొక చేతికి ఎగురవేయడం, తోడు మనిషి ప్రక్కన ఉండగా నడవడం మెదడుకు మంచి సాధన. మోటారుసైకిలు, నిచ్చెన, ఒంటరిగా చెరువు స్నానం మాత్రం వైద్యుడు సరే అనేవరకు వద్దు. నీటిలో మునిగినవారికి పైయేదో క్రిందేదో చెప్పేది చెవియే. చీకటిలో కన్నుల సాయం పోతుంది గనుక రాత్రి స్నానాలగది త్రోవలో చిన్న దీపం ఉంచండి.

తెర వచ్చినపుడు ఇంటివారు చేయగలిగినది కొద్దిపాటిదే. రోగిని నేలపైననో మంచముపైననో పడుకోబెట్టి, వెలుతురు తగ్గించి, ప్రక్కన ఒక గిన్నె ఉంచి, కదలని ఒక వస్తువుపై చూపు నిలుపమనండి. ఎట్లా ఉన్నది, తగ్గినదా అని వెనుకనుండి నిమిషానికొకసారి అడగవద్దు. జవాబు చెప్పడానికి పాపం ఆయన తల త్రిప్పవలసివస్తుంది.