సూర్యశక్తి – మన కట్టుబాటు
(ప్లాటినం జూబ్లీ సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగపాఠం)



మన పాఠశాలకు 75 ఏళ్ళు నిండిన ఈ శుభసందర్భంలో సౌరవిద్యుత్ పరికరాలను కానుకగా సమర్పించాలని పూర్వవిద్యార్థులు సంకల్పించారు. విద్యాలయానికి వెలుగును ఇవ్వడం కంటె సముచితమైన కానుక వేరొకటి ఉండదు. అయితే సౌరఫలకాలు మిద్దె ఎక్కకముందే మనమందరం కూర్చుని తేల్చుకోవలసిన విషయం ఒకటున్నది. దానిని సభవారి ముందుంచడమే ఈ ప్రసంగ ముఖ్యోద్దేశం.

విద్యుత్తుతో మన ప్రాంతానికి గల అనుబంధం నేటిది కాదు. 1902లో శివనసముద్రం వద్ద కావేరి జలపాతం నుండి పుట్టిన విద్యుత్తు మొదట చేరినది కోలారు బంగారు గనులకే. బెంగుళూరు వీధులలో విద్యుద్దీపాలు వెలిగినది ఆ తరువాత, 1905లో. 2007లో చిక్కబళ్ళాపురం ప్రత్యేక జిల్లాగా ఏర్పడేవరకు చింతామణి, బాగేపల్లివారమైన మనమంతా ఆ కోలారు జిల్లావారమే. ఆనాటి నుండి విద్యుత్తు ఎక్కడో పుట్టి, తీగల వెంట మన ఊళ్ళకు వస్తున్నది. తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో సుమారు 13,000 ఎకరాలలో వెలసిన 2,050 మెగావాట్ల సౌరక్షేత్రం కూడా ఈ కోవలోనిదే. అక్కడి ఎండ విద్యుత్తుగా మారి పెద్ద గ్రిడ్‌లో కలుస్తున్నది.

మైక్రోగ్రిడ్ పద్ధతి వేరు. ఒక ఊరు గాని, ఒక ఆసుపత్రి గాని, ఒక పాఠశాల గాని తనకు కావలసిన విద్యుత్తును తన వద్దనే పుట్టించుకొని, కొంత బ్యాటరీలలో దాచుకొని, తనలో తాను పంచుకొనే ఏర్పాటు ఇది. పెద్ద గ్రిడ్ ఉన్నంతసేపు దానితో కలిసి నడుస్తుంది. అది ఆగినప్పుడు దాని నుండి విడివడి స్వతంత్రంగా నిలుస్తుంది.

దీని నియంత్రణను గ్రహించడానికి మన చెరువులను మించిన పాఠ్యపుస్తకం లేదు. వాన ఎప్పుడు కురుస్తుందో మన చేతిలో లేదు. కురిసిన నీటిని చెరువు పట్టి ఉంచుతుంది. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంత వదలాలో నీరుగంటి చూసుకుంటాడు. మైక్రోగ్రిడ్‌లో ఎండే వాన, బ్యాటరీయే చెరువు, ఇన్వర్టరే తూము, కంప్యూటర్ నియంత్రణ యంత్రమే నీరుగంటి.

ఒక్క భేదం మాత్రం ఉన్నది. కాలువలో నీరు కొంతసేపు ఆగగలదు, విద్యుత్తు ఆగలేదు. ప్రతి క్షణం ఉత్పత్తి, వినియోగం సరిసమానంగా ఉండాలి. వినియోగం మించితే 50 హెర్ట్జ్ ఉండవలసిన పౌనఃపున్యం తగ్గుతుంది, వోల్టేజీ కూడా పడిపోవచ్చు. మబ్బు కమ్మగానే నియంత్రణ యంత్రం రెప్పపాటులో బ్యాటరీ నుండి విద్యుత్తును తీసుకుంటుంది. బ్యాటరీ కూడా అడుగంటుతుంటే తక్కువ ముఖ్యమైన పరికరాలను ఒక్కొక్కటిగా ఆపుతుంది. ఏది తక్కువ ముఖ్యమో మాత్రం యంత్రానికి తెలియదు, మనం చెప్పాలి.

మన ముద్దేనహళ్ళిలో జన్మించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు ఈ రెండు సంగతులను ఎరిగినవారు. నీటిమట్టం పెరిగినప్పుడు వాటంతటవే తెరచుకొనే తలుపులను ఆయన రూపొందించగా, 1903లో పుణె సమీపాన ఖడక్‌వాస్లా జలాశయానికి అమర్చారు. దక్కను కాలువల కింద పొలాలను ఖండాలుగా విభజించి వంతులవారీగా నీరిచ్చే బ్లాకు పద్ధతి కూడా ఆయనదే. తలుపు సంగతి యంత్రం చూసుకుంటుంది. వంతు మాత్రం మనుషులు కూర్చుని ఒప్పుకోవలసినదే.

ఈ మాటకు నిదర్శనం మన పొరుగు జిల్లాలోనే ఉన్నది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్య అమూల్య కుమార్ రెడ్డిగారు 1974లో ‘అస్త్ర’ అనే గ్రామీణ సాంకేతిక విభాగాన్ని నెలకొల్పారు. ఆ విభాగంవారు కుణిగల్ తాలూకా పుర గ్రామంలో పశువుల పేడతో గ్యాసు తయారుచేసి, మొదట వంటకు ఇవ్వదలచారు. పేడ అందుకు చాలలేదు. ఊరివారికి అంతకంటె ముఖ్యమైనది మంచినీరని తేలింది. 1987 నుండి ఆ గ్యాసుతో ఇంజను నడిపి, బోరుబావి నుండి నీటిని, ఇళ్ళకు దీపాలను అందించారు. పేడ తెచ్చినవారికి తూకం ప్రకారం పైకం ఇచ్చారు, ఎరువును తిరిగి ఇచ్చారు. అక్కడ యంత్రం కంటె ముందు నిలిచినది ఊరి ఒప్పందం.

దీనికి భిన్నమైన ఉదాహరణ బీహారులోని ధర్నై గ్రామం. 2014లో అక్కడ 100 కిలోవాట్ల సౌర మైక్రోగ్రిడ్ ఎంతో ఆర్భాటంగా ప్రారంభమైంది. ఫ్రిజ్జులవంటి పెద్ద పరికరాల బరువును అది మోయలేకపోయింది. అంతలో చౌకధర విద్యుత్తు ఊరికి చేరింది. కొన్నేళ్ళకే ఆ ఏర్పాటు మూలపడింది.

ఇక మన పాఠశాల సంగతి. ఉదాహరణకు 5 కిలోవాట్ల ఫలకాలు పెట్టామనుకుందాం. కిలోవాటుకు రోజుకు సుమారు 4 యూనిట్ల చొప్పున 20 యూనిట్లు వస్తాయి. 70 వాట్ల పంకాలు 20, ఆరు గంటలు తిరిగితే 8.4 యూనిట్లు. 20 వాట్ల దీపాలు 30, ఆరు గంటలకు 3.6 యూనిట్లు. 100 వాట్ల కంప్యూటర్లు 10, మూడు గంటలకు 3 యూనిట్లు. ఒకటిన్నర కిలోవాట్ల మోటారు రెండు గంటలకు 3 యూనిట్లు. మొత్తం 18. ఎండకాసిన రోజున కొరత లేదు. మబ్బు పట్టి 10 యూనిట్లే వచ్చిన రోజున ఏమి చేయాలి?

మొదటి ఉపాయం వేళ మార్చడం. మోటారును ఉదయమే కాక, ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం నడపాలి. మిద్దెమీద నిండిన నీళ్ళ ట్యాంకు కూడా ఒక విధమైన బ్యాటరీయే. రెండవది వరుస నిర్ణయించడం. నీరు, దీపాలు ముందు, వాటికి 6.6 యూనిట్లు. మిగిలిన 3.4 యూనిట్లు కంప్యూటర్లకా, పంకాలకా? ఎవరి గదిలో పంకా ఆగాలి? నా అభిప్రాయంలో మొదట ఆగవలసినది ప్రధానోపాధ్యాయిని గదిలోని పంకా. చిన్నపిల్లల గదిలోనిది చివరివరకు తిరగాలి.

దాతలకు మరొక మనవి. గ్రిడ్‌తో మాత్రమే కలిపిన సాధారణ ఇన్వర్టరు, కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. తీగలమీద పనిచేసే లైన్‌మన్ల ప్రాణరక్షణ కోసమే ఆ ఏర్పాటు. కనుక కరెంటు లేని వేళ కూడా వెలుగు కావాలంటే, విడివడి పనిచేయగల ఇన్వర్టరు, బ్యాటరీ అవసరం. ఫలకాలు 25 ఏళ్ళవరకు పనిచేయవచ్చు గాని, బ్యాటరీలను అంతకుముందే మార్చవలసి వస్తుంది. అందుకు కొంత సొమ్మును ఇప్పుడే ప్రత్యేకంగా నిలవ ఉంచాలని ప్రార్థన.

పరికరాలు వచ్చేలోగా మన తొమ్మిదవ తరగతి విద్యార్థులు ఏ గదిలో ఎంత విద్యుత్తు ఖర్చవుతున్నదో ప్రతిదినం పుస్తకంలో వ్రాస్తారు. ఆ లెక్కను ముందుంచుకొని తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, దాతలు కలిసి వరుసను నిర్ణయించి, గోడమీద వ్రాయించాలి. ఆ గోడవ్రాతకు నేనూ, నా తరువాత వచ్చేవారూ కట్టుబడి ఉండాలి. అప్పుడే ఈ కానుక వందేళ్ళ పండుగనాటికి కూడా వెలుగుతుంది.