కొండబాట నేర్పిన పని

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను కాంచీపురంవాడిని. మా ఇంటి తెలుగులో తమిళం కలిసిపోయి ఉంటుంది, తప్పుపట్టకండి.

38 ఏళ్ళు గుంట మగ్గం మీద పట్టుచీరలు నేశాను. నడుము, మోకాళ్ళు చెడిపోయి రెండేళ్ళ కిందట మగ్గం దిగాను. దిగాక తెల్లారి లేస్తే ఏం చేయాలో తోచేది కాదు. ఇంట్లో ప్రతిదానికీ కసురుకునేవాడిని. మా అమ్మాయి చూసి చూసి, "వారం రోజులు ధ్యానానికి పోయి రా నాయనా" అని తిరువణ్ణామలైలో ఒక యోగ ధ్యాన శిబిరంలో నా పేరు రాయించింది.

అక్కడ తెల్లవారుజామున ఆసనాలు, తర్వాత ధ్యానం. నాకు కింద కూర్చోవడం కుదరదంటే కుర్చీ ఇచ్చారు. కళ్ళు మూస్తే ధ్యానం రాలేదు, పాత బాకీలు, పాత తగాదాలు వచ్చాయి. టిఫిన్ అయ్యాక రెండు గంటలు సేవ ఉండేది. వంటశాల, తోట, కొండబాట, ఏదైనా ఎంచుకోవచ్చు. బాట పని కొండ అడుగునే, ఎక్కేది లేదు, నిలబడి చేసేదే అన్నారు. సరే అన్నాను.

అరుణాచలం సుమారు 2,600 అడుగుల కొండ. దాని వాలులో స్కందాశ్రమం ఉంది. 1916 నుంచి 1922 దాకా రమణ మహర్షి అక్కడే ఉన్నారు. ఆ చోటును పొదలు కొట్టి, చదును చేసి సిద్ధం చేసినది కందస్వామి అనే భక్తుడు. ఆయన పేరు మీదే దానికి ఆ పేరు వచ్చింది. పార పట్టినవాడి పేరు ఒక పుణ్యస్థలానికి నిలిచిందన్న మాట. ఇది విని నాకు కొంచెం హుషారు వచ్చింది.

మొదటి రోజు పన్నెండు మందిమి దిగాం. బాట మీది ఆకులు, మట్టి ఊడ్చి, పల్లం వైపు అంచున గట్టులా చక్కగా పోశాం. ఫోటోలు కూడా తీసుకున్నాం. ఆ రాత్రి వాన కురిసింది. తెల్లారి చూస్తే మా బాట కాలవైపోయింది! రోజూ అక్కడ కూలికి పనిచేసే ఒక అమ్మ నవ్వింది. "మీరు కట్టిన గట్టే నీళ్ళను బయటికి పోనివ్వలేదయ్యా" అంది. నీళ్ళు బాటను దాటిపోవచ్చు, బాట వెంట మాత్రం పారకూడదు. ఇదీ ఆమె చెప్పిన మొదటి పాఠం.

ఆ గట్టు మేమే తీసేశాం. నీళ్ళు పక్కకు మళ్ళడానికి బాటకు అడ్డంగా, కొంచెం ఏటవాలుగా రాళ్ళు పాతాం. రాయి సగానికి పైగా నేలలో ఉండాలి. కాలు పెట్టి తొక్కితే కదలకూడదు. నేను పాతిన మొదటి రాయి కదిలింది. "పీకి మళ్ళీ పెట్టండి" అంది. జనం తొక్కి చేసిన అడ్డదారులను ముళ్ళకంపతో మూశాం. ఆ అడ్డదారులే వానకు కోసుకుపోయి వాగులవుతాయట.

నాకు మన మగ్గమే గుర్తొచ్చింది. పడుగులో ఒక్క పోగు తెగితే అప్పుడే ఆపి అతుకుతాం. చూడనట్టు నేసుకుంటూ పోతే ఆ తప్పు బట్ట పొడవునా సాగుతుంది. బాటా అంతే. ఆ రెండు గంటలూ నాకు బాకీలు గుర్తురాలేదు. కుర్చీలో కుదరని మనసు ఆ రాయి దగ్గర కుదిరింది.

చివరి రోజు ఆ అమ్మను అడిగాను, "మేం పోయాక?" అని. "వాన పడ్డ ప్రతిసారీ కాలవ పూడుతుంది, నేను తీస్తాను" అంది. మేము వారం చేసి సేవ అనుకున్నాం. ఆమె ఏడాదంతా చేసేది పని. నాకు కొంచెం సిగ్గేసింది.

ఊరికి తిరిగొచ్చి మా వీధి చూశాను. తెల్లవారుజామున పడుగు సాగదీసే చోటు చెత్తకుప్పగా మారింది. మగ్గాలు తగ్గాయి, చోటును పట్టించుకునేవాళ్ళూ తగ్గారు. ఇంకా నేస్తున్న ముసలివాళ్ళు పడుగు పట్టుకుని పక్కవీధికి పోతున్నారు. మగ్గం దిగాను కదా, నాకెందుకని రెండేళ్ళు నేనూ చూస్తూ పోయినవాడినే. మొదటి ఆదివారం నేనొక్కడినే పార పట్టుకున్నాను. మూడో వారానికి నలుగురం. ఇప్పుడు అక్కడ మళ్ళీ పడుగు సాగుతోంది. నేను ఒక కొస పట్టుకుంటున్నాను. ఇంట్లో కసురుకోవడమూ తగ్గిందని మా అమ్మాయి అంటోంది.

మన సంఘంలో భవనం కట్టాలంటే విరాళాలు వస్తాయి, రావాలి కూడా. కట్టినదాన్ని కనిపెట్టుకుని ఉండే పనికే మనుషులు దొరకరు. అందుకని ఒక్క మనవి. ప్రతి ఊరి సంఘమూ ఒక చోటు ఎంచుకోండి. పడుగు వీధి గాని, గుడి కోనేరు గాని, సంఘం మేడ మీది నీళ్ళ తూము గాని. నెలకు రెండు గంటలు చాలు. పిల్లల్ని కూడా తీసుకురండి. పాతిన రాయి కదులుతోందేమో వాళ్ళ చేతే తొక్కించి చూడండి.